కుళాయి కట్టేశాక

శనివారం పొద్దున్నే మా అమ్మ ఫ్రౌక్యె
గుమ్మం ముందరి నీలిరాతి మెట్టును
సబ్బునీళ్ళు పోసి గరుకు బ్రష్షుతో రుద్దేది.
హార్లింగెన్ రేవువీధిలో ఇంటింటి ముందూ అదే చప్పుడు,
గరగర, గరగర,
చివర్న బకెట్టు బోర్లించిన మోత.
అయిపోయేది.
ఆ మాట గుర్తుపెట్టుకోండి, అయిపోయేది.
చేతులు ఏప్రనుకి తుడుచుకుని
ఆ మెట్టుమీదే కూర్చుని కాఫీ తాగేది.
తడి ఆరకముందే పక్కింటి కుక్క తొక్కిపోతే
దాన్ని తిట్టి, నవ్వి, బిస్కెట్టు పడేసేది.

హిల్కేని చేసుకున్న ఏడు వీధంతా అంది:
"అదృష్టవంతుడివి వీబ్రెన్, మీ అమ్మను మించింది,
ఇల్లు కడిగిన ముత్యంలా ఉంచుతుంది."
నేనూ తలూపాను.
ఫెర్రీ ఇంజను గదిలో పనివాణ్ణి, గోళ్ళకింద గ్రీజు,
నాకంతకంటే ఏం తెలుసు?

ముత్యాన్ని ఎన్నిసార్లు కడిగితే
కడిగిన ముత్యం అవుతుంది?

మొదట నీళ్ళ బిల్లు చెప్పింది.
తర్వాత చప్పుడు చెప్పింది.
రాత్రి పదకొండుకి తిప్పిన కుళాయి
పన్నెండు దాటినా పారుతూనే ఉంది.
తలుపు సందులోంచి చూశాను.
మోచేతుల దాకా కందిన చర్మం,
కణుపుల దగ్గర నెత్తుటి చీలికలు,
పెదాలు కదులుతున్నాయి.
ప్రార్థన అనుకున్నాను.
అంకెలు.
పదిహేడు దగ్గర ఆగి, కాదన్నట్టు తలూపి,
మళ్ళీ ఒకటి నుంచి.

ఇంకోటి, వీధికి తెలియనిది.
మేడమీది చిన్నగది మూడేళ్ళుగా దుమ్ము పట్టి ఉంది.
అందులో ఒక అట్టపెట్టె ఉంది, దాన్ని తాకితే
ఇక ఏ నీళ్ళూ చాలవని ఆమె భయం.
సాలెగూళ్ళు, కిటికీ గట్టున ఎండిన ఈగలు.
శుభ్రమంటే ఇష్టమున్న మనిషైతే
ఎప్పుడో చీపురు పట్టుకుని ఎక్కేది.

"నేను సరిగ్గా కడక్కపోతే యెల్ట్యెకి ఏదో అవుతుంది.
కాదని తెలుసు.
తెలిసీ ఆగలేను, అదే సిగ్గు."
పాప నిద్రలో బొటనవేలు చీకుతోంది.

మధ్యాహ్నం డౌవె తన స్పానర్లను
పొడవు వరసన పేర్చుకుంటూ అన్నాడు:
"నాక్కూడా కాస్త ఓసీడీ ఉందిలే!"
కోపం రాలేదు.
ఒక స్పానరు తీసి అడ్డంగా పెట్టాను.
విసుక్కున్నాడు, సరిచేశాడు,
శాండ్‌విచ్ కొరికాడు.
ఆ కొరకడమే తేడారా డౌవె.
నీకు సర్దుకుంటే హాయి.
ఆమెది భయానికి కట్టే వడ్డీ,
ఎంత కట్టినా అసలు తరగదు.

లేవార్డెన్‌లో చికిత్స చేసేవిడ
పెద్దమాటలేం చెప్పలేదు.
తలుపు పిడి పట్టుకో, కడక్కు, కూర్చో అంది.
భయం పోటులా లేస్తుంది, లేవనీ.
మా సముద్రాన్ని ఎవరైనా తోడి తగ్గించారా?
దాని వేళకి అదే వెనక్కి పోతుంది,
బురదా గవ్వలూ బయటపెట్టి.
నన్ను మాత్రం "ఏం కాదులే" అనొద్దంది.
అదీ ఒక కుళాయేనట,
ఇన్నేళ్ళూ దాన్ని తిప్పింది నేనేనట.

నిన్న హిల్కే చెత్తడబ్బా మూత ముట్టుకుంది.
ఒళ్ళో చేతులు పెట్టుకుని నలభై నిమిషాలు.
ఆమె నన్ను చూసింది.
నాలుక చివరి దాకా వచ్చింది ఆ మాట,
కిటికీ అవతల కొంగల్ని లెక్కపెట్టాను,
అప్పుడు తెలిసింది లెక్క ఎందుకు పెడతారో.

అదే చేత్తో రొట్టె తుంచింది.
సగం తింది.
సగం పళ్ళెంలోనే వదిలేసింది.

ఇవాళ పొద్దున మళ్ళీ కుళాయి.
పన్నెండు నిమిషాలు.
ముందు నేను గడియారం చూడ్డం మానాలి.

అమ్మ పోయాక మెట్టు పాచిపట్టింది.
ఈ శనివారం రుద్దుదామనుకుంటున్నాను,
ఒక్కసారి.
కుక్క వస్తే రానీ.